షోలాపురపు తెలుగు బడి - ప్రపంచ విద్య

మహారాష్ట్రమునకు ఆగ్నేయ దిక్కున, కర్ణాటకపు సరిహద్దునకు చేరువలో షోలాపుర నగరము కలదు. ఆ నగరమునందలి తూర్పు పేటలను అచ్చటి మరాఠీ పత్రికలు ‘పూర్వభాగ’ మని వ్యవహరించును. సాఖర్‌పేట, భద్రావతిపేట, జోడభావిపేట మొదలగు ఈ వాడలలో దుకాణముల బోర్డులు మరాఠీలో నుండును గాని అరుగులమీది మాట తెలుగే. కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ, మహబూబునగరము ప్రాంతముల పలుకుబడి తరతరములుగా మరాఠీతో కలిసి యిచ్చట నొక ప్రత్యేకమైన రుచి నొందినది. మగవారు మరమగ్గముల కార్ఖానాలకు పోవుట, ఆడువారిలో పలువురు బీడీలు చుట్టి సంసారమును నిలుపుకొనుట ఈ వాడల పరిపాటి.

ఇట్టి వాడలోని పిల్లవానికి ప్రపంచమును గూర్చి బడిలో ఏమి చెప్పవలెను, ఏ భాషలో చెప్పవలెను, చెప్పువానికి ఎవరు తోడు నిలువవలెను అనునది చిన్న ప్రశ్న కాదు. ఇతర దేశముల ప్రజల బ్రతుకులతో తన బ్రతుకు ఎట్లు ముడివడియున్నదో విద్యార్థికి తెలియజెప్పి, శాంతి, న్యాయము, మానవ హక్కులు, ప్రకృతి రక్షణ మున్నగు విషయములలో వానికి ఆలోచన కలిగించు చదువును నేటి విద్యావేత్తలు ‘ప్రపంచ విద్య’ యని పేర్కొనుచున్నారు. ఇట్టి చదువునకు మహానగరములందలి ఇంగ్లీషు బడులే తగిన తావులని లోకమున నొక అభిప్రాయము స్థిరపడినది. తెలుగు బడి యింటి భాషను నిలుపుకొనుటకే గాని లోకమును చూపుటకు కాదని తల్లిదండ్రులే కాక కొందరు ఉపాధ్యాయులును తలంచుచున్నారు. షోలాపుర చరిత్రను పరిశీలించినచో ఈ అభిప్రాయము నిలువదు.

బొంబాయినుండి బయలుదేరిన గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైలుమార్గము 1860లో షోలాపురమునకు చేరినది. మరుసటి యేడే అమెరికాలో అంతర్యుద్ధము మొదలయ్యెను. 1861 మొదలు 1865 వరకు అమెరికా ప్రత్తి సరిగా రాక ఇంగ్లాండునందలి లాంకషైర్ మిల్లులు కటకటపడెను. అందుచే దక్కను ప్రత్తికి ఎన్నడును లేని గిరాకి కలిగి, బస్తాలు బొంబాయి రేవునకు పరుగులెత్తెను. వర్తకుడు సంతసించెను, రైతు నాలుగు రాళ్లు చూచెను, కాని నూలు కొని నేయు సాలెవాని మగ్గము మాత్రము నూలు ధరకు తాళలేక మూలబడెను. యుద్ధము ముగిసినంతనే ధర పడిపోయి రైతు అప్పులపాలయ్యెను. ఎక్కడి అమెరికా బానిసత్వపు పోరు, ఎక్కడి దక్కను సాలెవాని యింటి పొయ్యి! ఈ రెండింటికిని నడుమనున్న దారము ఒక్కటే. ఆ దారమును పట్టుకొని పిల్లవానిని నడిపింపగల పాఠము ప్రపంచ విద్య కాకున్న మరేది ప్రపంచ విద్య?

అదే రైలుమార్గము 1871లో రాయచూరు వరకు సాగెను. 1874లో వాడి స్టేషనునుండి హైదరాబాదునకు నిజాము రాజ్యపు రైలు ఏర్పడెను. పిమ్మట 1876-78 నాటి ఘోర క్షామము దక్షిణాపథము నంతటిని పీడించెను. 1877లో షోలాపూర్ స్పిన్నింగ్ అండ్ వీవింగ్ కంపెనీవారి మిల్లు వెలసెను. జనులు దీనిని తరువాత ‘జూనీ మిల్లు’, అనగా పాత మిల్లు, అని పిలిచిరి. ఆకలి వెనుకనుండి త్రోయగా, కూలి ముందునుండి పిలువగా, రైలు దారి చూపగా తెలంగాణపు పద్మశాలీలు గుంపులుగా వచ్చి యిచ్చట స్థిరపడిరి. కొందరు అంతకు ముందే వచ్చియుండిరి. పలువురు అటు తరువాత తరముల వెంబడి వచ్చిరి. మార్కండేయుని గుడి, కులపెద్దల పంచాయతీ, పద్మశాలి విద్యాసంస్థలు, మార్కండేయ సహకార రుగ్ణాలయము వీరి సంఘశక్తికి నిదర్శనములు.

ఆ తొలినాళ్లలో సాలెవాని బిడ్డకు బడి యెక్కడిది? 1881 నాటి ఫ్యాక్టరీల చట్టము వచ్చు వరకు మిల్లులో పనిచేయు బిడ్డ వయస్సును అడుగు చట్టమే లేదు. ఆ చట్టమైనను ఏడేండ్ల లోపు పిల్లలను మాత్రమే నిషేధించి, ఏడు మొదలు పండ్రెండేండ్ల వారిచే దినమునకు తొమ్మిది గంటలు పని చేయించుటకు సమ్మతించెను. నేటి రెండవ తరగతి పిల్లవాని యీడు బిడ్డ దినమునకు తొమ్మిది గంటలు కదుళ్ల నడుమ తిరుగుట ఆనాడు ధర్మసమ్మతము! 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ యేర్పడి, భారతదేశము దానిలో మొదటి నుండియు సభ్యత్వము వహించిన పిదప, 1922 నాటి చట్ట సవరణము ఆ వయస్సును పండ్రెండేండ్లకు పెంచెను. అనగా షోలాపురపు బిడ్డ మిల్లునుండి బడికి నడచిన త్రోవలో కొంత భాగము వాషింగ్టను నగరమున జరిగిన సమావేశముగుండా పోయినది. ఈ సంగతి ఏ పాఠ్యపుస్తకమునందైనను చెప్పదగినదే. షోలాపురపు తెలుగు బడిలో చెప్పినచో వినువారి తాతముత్తాతల కథయే యగును.

ఇట్టివి ఇంకను కలవు. షోలాపురపు చద్దరు 2005-06లో భౌగోళిక సూచిక గుర్తింపు పొంది దేశమంతటను పేరెన్నికగన్నది. దానిమీది పూవులు జకార్డు అట్టలచే వచ్చును. ఆ యంత్రమును ఫ్రాన్సు దేశమునందలి లియాన్ నగరమున జోసెఫ్ మారీ జకార్డు 1804లో రూపొందించెను. అట్టకు రంధ్రమున్నచోట పడుగు పోగు లేచును, లేనిచోట లేవదు. ఈ ‘ఉన్నది - లేదు’ అను సంజ్ఞనే ఇంగ్లాండున చార్లెస్ బాబేజి తన గణన యంత్రమునకు గ్రహింప నెంచెను. అమెరికాలో 1890 నాటి జనాభా లెక్కలను హెర్మన్ హాలరిత్ ఇట్టి రంధ్రముల అట్టలతోనే లెక్కించెను. కంప్యూటరును గూర్చి చదువు విద్యార్థి తన యింటి ప్రక్క కార్ఖానాలో దాని పూర్వరూపమును దినదినము చూచుచున్నాడు. సహకార సంఘముల పుట్టుకయు నిట్టిదే. 1844లో ఇంగ్లాండునందలి రాచ్‌డేలు పట్టణమున ఇరువదియెనమండుగురు పనివారు, వారిలో పలువురు నేతగాండ్రు, కలిసి పెట్టిన కొట్టు తరువాతి సహకారోద్యమమునకు మార్గము చూపినది. రోగము వచ్చినప్పుడు మార్కండేయ రుగ్ణాలయమునకు పోవు కుటుంబమునకు ఆ కొట్టుతో చుట్టరికము కలదు. 1949లో మూతపడిన జూనీ మిల్లును 1950 జనవరిలో ప్రభుత్వము స్వాధీనము చేసికొనగా, వాటాదారుడైన చరణ్‌జీత్‌లాల్ చౌధురి సుప్రీంకోర్టు నాశ్రయించెను. ప్రాథమిక హక్కులను గూర్చి ఆ న్యాయస్థానము విచారించిన తొలి వ్యాజ్యములలో నిది యొకటి. న్యాయశాస్త్ర విద్యార్థులు నేటికిని దానిని చదువుచున్నారు. మిల్లు గోడ ప్రక్కన పెరిగిన పిల్లలకు మాత్రము దాని పేరైనను తెలియదు. పెరటి చెట్టు మందునకు రాదన్న సామెత యిచ్చట అక్షరాల చెల్లినది.

చేతిపనిని చదువుతో జోడింపవలెనన్న యత్నము మన దేశమున లేకపోలేదు. 1937 అక్టోబరులో వార్ధా సమావేశమున గాంధీమహాత్ముడు ప్రతిపాదించిన నయీ తాలీము వడకుట, నేయుట మున్నగు వృత్తులను బోధనకు కేంద్రముగా నిలిపెను. ఆలోచన గొప్పది. అయినను సాలెవాడకు దానివలన కలిగిన లాభము స్వల్పము. రైతు బిడ్డకును, పట్టణపు బిడ్డకును తకిలి కొత్త వస్తువు. సాలె బిడ్డకు నాడె, కండె, పడుగు, పేక ఉగ్గుపాలతో పరిచయమైనవి. అతనికి కావలసినది చేతి నేర్పు కాదు, తన చేతిలోని నూలు ఏ దేశములగుండా నడచి వచ్చినదో తెలిపెడి చదువు. వార్ధా పథకమును రచించిన డాక్టరు జాకీర్ హుస్సేను సంఘమువారు ఈ రెండవ అంశమును విస్మరింపలేదు; కాని దానిని బోధించుటకు ఉపాధ్యాయులను సిద్ధపరచుటయందు దేశము వెనుకబడినది. మన విద్యా సంస్కరణలు పలుమారులు ఇచ్చటనే ఆగిపోవుచున్నవి.

స్వాతంత్ర్యానంతరము మైనారిటీ భాషల బడులకు కొంత బలము చేకూరినది. పాఠశాలలో నలువదిమంది, లేక తరగతిలో పదిమంది కోరినచో ప్రాథమిక దశలో మాతృభాషలో బోధింపవలెనని 1949 ఆగస్టులో రాష్ట్రముల విద్యామంత్రుల సమావేశము తీర్మానించెను. రాష్ట్రముల పునర్విభజన జరిగిన 1956లో రాజ్యాంగమునకు ఏడవ సవరణచే 350-ఎ అధికరణము చేర్చబడి, ఈ సౌకర్యము రాష్ట్రముల విధి యయ్యెను. 1960 మే 1న మహారాష్ట్ర మవతరించెను. 1967 జనవరి 27న పూనాలో ‘బాలభారతి’ యను పాఠ్యపుస్తక సంస్థ స్థాపింపబడినది. మరాఠీ, హిందీ, ఇంగ్లీషు, ఉర్దూ, గుజరాతీ, కన్నడము, సింధీలతోపాటు తెలుగు మాధ్యమమునకును ఈ సంస్థ పుస్తకములు ప్రచురించినది. ఇతర రాష్ట్రములలోని తెలుగువారు పుస్తకములకై పడిన పాట్లను తలచుకొనినచో మహారాష్ట్రము చేసిన ఈ మేలు సామాన్యమైనది కాదు. మన సంఘముల సభలలో దీనిని గూర్చి కృతజ్ఞతతో పలికినవారు అరుదు.

అయినను అనువదింపబడిన పుస్తకము వేరు, ఉపాధ్యాయునికి లభించు సహాయము వేరు. మరాఠీ బడికొరకు ఆలోచించి వ్రాసిన పాఠము తెలుగు లిపిలోనికి వచ్చునప్పుడు దాని తెలుగు కోస్తా జిల్లాల గ్రంథభాష యగుట సహజము. షోలాపురపు బిడ్డ నోట నాడు మాట అది కాదు. కావున ఉపాధ్యాయుడు తెలుగును మరల తెలుగులోనికి మార్చి చెప్పవలసివచ్చుచున్నది. నాల్గవ తరగతిలో శివాజీ మహారాజు చరిత్రను తెలుగులో బోధించు అతనికి, ఆ మహారాజు 1677లో గోలకొండకు పోయి కుతుబ్‌షాహీ సుల్తానును, అక్కన్న మాదన్నలను కలిసికొనిన వృత్తాంతము తెలుగు పిల్లలకు ఎంత దగ్గరిదో తోచును. కాని దానిని విస్తరించి చెప్పుటకు తగిన పుస్తకము అతని చేతిలో నుండదు. ఆంధ్రప్రదేశపు పుస్తకములుగాని, తెలంగాణపు పుస్తకములుగాని మహారాష్ట్రపు పాఠ్యక్రమమునకు సరిపడవు. మరాఠీ ఉపాధ్యాయునికి లభించు మార్గదర్శక గ్రంథములు, పత్రికలు, సమావేశములు సహస్రముగా నున్నవి. తెలుగు ఉపాధ్యాయుడు వానినే చదివి, మనస్సులో అనువదించుకొని, బడికి పోవును.

ఇక లోకమున ఈ విషయమై జరిగిన చర్చను సంగ్రహముగా చెప్పవచ్చును. 1953లో యునెస్కో తన నిపుణుల సంఘపు అభిప్రాయముల ననుసరించి మాతృభాషా బోధనమును సమర్థించు గ్రంథమును ప్రకటించెను. అదే సంస్థ 1974 నవంబరులో అంతర్జాతీయ సౌహార్ద విద్యను గూర్చి సభ్యదేశములకు సిఫారసు చేసి, 2023 నవంబరులో దానిని సవరించి నూతనముగా ఆమోదించెను. 2002లో మాస్ట్రిక్టు నగరమున ఐరోపా దేశములవారు ప్రపంచ విద్యపై ప్రకటన వెలువరించిరి. 2015లో ఐక్యరాజ్య సమితి నిర్ణయించిన లక్ష్యములలో నాల్గవదాని యేడవ అంశము ఇదియే. ఈ పత్రములలో మాతృభాష ఒక గదిలోను, ప్రపంచము మరియొక గదిలోను కూర్చుండినట్లు తోచును. ఆ రెండింటికి నడుమ తలుపు తెరచినవాడు షోలాపుర జిల్లాలోని ఒక పల్లెటూరి పంతులు.

మాఢా తాలూకాలోని పరితేవాడి జిల్లా పరిషత్తు ప్రాథమిక పాఠశాలకు 2009లో రంజిత్‌సింహ డిసలే ఉపాధ్యాయుడుగా వచ్చెను. బడి యనబడినది పశువుల కొట్టమునకును సామానుల గదికిని నడుమనున్న శిథిల గృహము. బాలికలలో పలువురు బడికి రాకుండిరి. పుస్తకముల భాష వేరు, ఆ పిల్లల యింటి భాష కన్నడము. ఆయన మొదట చేసిన పని ఏ విదేశముతోను సంబంధించినది కాదు. తాను కన్నడము నేర్చుకొనెను. ఒకటి మొదలు నాలుగు తరగతుల పాఠములను పిల్లల భాషలోనికి మార్చి, పుటలపై క్యూఆర్ కోడు అను చిహ్నములను అచ్చువేయించి, పద్యములు, పాఠ్యదృశ్యములు, కథలు ఫోనులో వినుటకును చూచుటకును వీలు కల్పించెను. 2017లో మహారాష్ట్ర ప్రభుత్వము ఈ పద్ధతిని రాష్ట్రపు పుస్తకములన్నింటికిని వర్తింపజేయ నిశ్చయించినది. తరువాతనే ఆయన సరిహద్దులు దాటు పథకమును చేపట్టి భారత - పాకిస్తానములు, ఇజ్రాయెల్ - పాలస్తీనాలు, ఇరాక్ - ఇరానులు, అమెరికా - ఉత్తర కొరియాలు అను నెనిమిది దేశముల బాలబాలికలను మాటలతో కలిపెను. 2020 డిసెంబరు 3న ఆయనకు ప్రపంచ ఉపాధ్యాయ బహుమానము లభించెను. పది లక్షల డాలర్ల ఆ ధనములో సగమును తనతో పోటీపడిన తొమ్మండుగురు ఉపాధ్యాయులకు పంచి యిచ్చుట లోకమును ఆశ్చర్యపరచినది.

పత్రికలు ఆ బహుమానపు మొత్తమును గూర్చియు, యంత్ర సాధనములను గూర్చియు విశేషముగా వ్రాసినవి. చరిత్రకారుడు గమనింపవలసినది ఆ పని జరిగిన వరుస. మొదట పిల్లల భాష, పిమ్మట పుస్తకము, దాని వెనుక ప్రపంచము. ఈ వరుస తలక్రిందులైన చోట్ల ప్రపంచ విద్య పేర జరుగునది జెండాల ప్రదర్శనము, వేషధారణల పోటీ మాత్రమే.

షోలాపురమునకు ఇది కొత్త పాఠమును కాదు. 1910 అక్టోబరు 10న ఈ నగరమున జన్మించిన డాక్టరు ద్వారకానాథ్ కోట్నీసు 1938లో కాంగ్రెసు పంపిన అయిదుగురు వైద్యులలో నొకడుగా చైనాకు పోయెను. జపాను దాడిచే గాయపడిన సైనికులకును ప్రజలకును చికిత్స చేయుచు, చైనా భాషను నేర్చి, ఆ భాషలోనే వైద్య విద్యార్థులకు బోధించి, బెత్యూన్ అంతర్జాతీయ శాంతి వైద్యశాలకు అధిపతియై, 1942 డిసెంబరు 9న ముప్పదిరెండేండ్ల వయస్సున అచ్చటనే కన్నుమూసెను. చైనాలో ఆయనకు విగ్రహములు కలవు. షోలాపురమున ఆయన పుట్టిన యింటిని స్మారకముగా తీర్చిరి. ఆయన తెలుగువాడు కాడు. అయినను సాలెవాడలనుండి నడచిపోదగినంత దూరములో ఆ యిల్లు నిలిచియున్నది. తెలుగు బడి పిల్లలను అచ్చటికి తీసికొనిపోవుటకు ఒక పూట చాలును. తిరిగివచ్చి వ్రాయవలసిన వ్యాసమునకు మాత్రము తెలుగులో చదువదగిన చిన్న పుస్తకము ఉపాధ్యాయుని వద్ద నుండవలెను.

ఇప్పటి స్థితి యేమి? ఇంగ్లీషు మాధ్యమపు మోజుచే తెలుగు తరగతులలో పిల్లలు తగ్గిపోవుచున్నారు. మగ్గముల సంపాదన చాలని తండ్రి తన బిడ్డ తనవలె కాకూడదని కోరుటలో తప్పు లేదు. కాని అతడు కొనుచున్నది ప్రపంచమా, ప్రపంచపు పేరా యని అడుగువారు లేరు. తెలుగు మాధ్యమమున చదువు పిల్లవాడు తెలుగు, మరాఠీ, హిందీ, ఇంగ్లీషు అను నాలుగు భాషలతో పెరుగుచున్నాడు. ఒకే లోకమును నాలుగు భాషలలో చూచు అలవాటు ప్రపంచ విద్యకు పునాది; ఐరోపాలో అనేక బడులు దీనికై బహుధనము వ్యయము చేయుచున్నవి. ఇచ్చట అది బీదతనపు చిహ్నముగా భావింపబడుచున్నది. తరగతిలో పదిమంది యను ఆ పాత నియమము ఒకప్పుడు తెలుగు తరగతిని తెరచుటకు ఉపకరించినది. పిల్లలు పదిమందికి తగ్గిననాడు అదియే తరగతిని మూయుటకు మాటగా మారవచ్చును.

ఇట్టి సమయమున తెలుగు సంఘములు చేయదగిన పని సన్మానములు, శాలువలు కాదు. బాలభారతి పాఠముల వరుసనే అనుసరించి, అయిదు మొదలు ఎనిమిదవ తరగతి వరకు ఉపాధ్యాయుని ఉపయోగమునకై ఒక తెలుగు కరదీపికను సిద్ధపరుపవలెను. అందులో ప్రత్తి, జకార్డు అట్టలు, బాలకార్మిక చట్టములు, సహకారోద్యమము, కోట్నీసు జీవితము మున్నగునవి ఆయా పాఠముల ప్రక్కన చేర్పబడి యుండవలెను. వాడలోని ముసలి నేతగాండ్ర మాటలను, వారి వృత్తి పదములను సేకరించి చేర్చినచో పుస్తకపు తెలుగునకును ఇంటి తెలుగునకును దూరము తగ్గును. ఇదే వలసకు చెందిన కుటుంబములు భివండిలో కలవు. బొంబాయి కార్పొరేషనువారును తెలుగు బడులు నడుపుచున్నారు. ఈ మూడు చోట్ల ఉపాధ్యాయులు ఏడాదికి రెండు మారులైనను ఒకచోట కూడి తమ పాఠములను ఒకరికొకరు చూపుకొనుటకు ప్రయాణపు ఖర్చులు భరించుట సంఘములకు కష్టము కాదు. పందొమ్మిదవ శతాబ్దమున కూలీలుగా పోయిన తెలుగువారి సంతతి మారిషస్‌లో నేడును బడులలో తెలుగు నేర్చుకొనుచున్నది. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు అచ్చటనే జరిగినవి. షోలాపురపు సాలె బిడ్డయు, మారిషస్‌లోని చెరకుతోటల కూలి మునిమనుమడును ఒకరికొకరు తెలుగులో ఉత్తరము వ్రాసికొనినచో, అందులో భూగోళము, చరిత్ర, భాష మూడును ఇమిడియుండును.

తూర్పు పేటలలోని కుటుంబములు కొంతకాలముగా నగరము వెలుపలికి తరలుచున్నవి. కుంభారి వద్ద బీడీ కార్మిక స్త్రీలకై నిర్మించిన పదివేల యిండ్ల కాలనీ 2006లో ప్రారంభింపబడెను. దానికి చేరువలో ముప్పదివేల యిండ్లకు ఉద్దేశింపబడిన రే నగర్‌లో 2024 జనవరి 19న పదునైదువేల యిండ్లు మరమగ్గముల కార్మికులు, బీడీ కార్మికులు మున్నగు పేదలకు అప్పగింపబడినవి. పాత పేటల తెలుగు బడులు వారికి దూరమైనవి. ఆ కొత్త వాడలలో ఇల్లిల్లు తిరిగి తెలుగు తరగతిని కోరు పదిమంది పిల్లల పేర్లు వ్రాయించుట, ఆ తరగతికి పోవు ఉపాధ్యాయుని చేతికి పై కరదీపికయొక్క మొదటి భాగమునైనను అచ్చువేసి అందించుట, రాబోవు విద్యా సంవత్సరమునకు ముందే జరుగవలసిన పనులు.